బీటిల్స్ కాని బీటిల్స్ పాటలు: రటిల్స్ ఆల్బమ్ వెనుక పనితనం

రటిల్స్ అంటే అరవైల నాటి బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్‌ను అనుకరించే కల్పిత బృందం. 1978లో వచ్చిన వాళ్ల 'ది రటిల్స్' ఎల్పీలో 14 పాటలున్నాయి. అన్నిటికీ మాటలూ బాణీ బ్రిటిష్ సంగీతకారుడు నీల్ ఇన్నెస్‌వే. ఏ ఒక్కటీ బీటిల్స్ పాటకు మాటలు మార్చి పాడింది కాదు. అయినా బీటిల్స్‌ని కాస్త శ్రద్ధగా విన్నవాళ్లు మొదటి పది సెకన్లలోనే ఇది 1963 నాటి ధోరణి, ఇది 1967 నాటిది అని చెప్పేయగలరు. తెలిసిన వరసలో కొత్త మాటలు కూర్చే పేరడీ మనకు బాగా అలవాటు. కాలేజీ వార్షికోత్సవాల నుంచి టీవీ హాస్య కార్యక్రమాల దాకా అదే పద్ధతి. ఇన్నెస్ తలకెత్తుకున్నది అంతకంటే కష్టమైన పని. ఆయన వరసల జోలికి పోలేదు, ఆ వరసలు కట్టిన పద్ధతిని పట్టుకున్నాడు. కామెడీ రాక్‌లో ఈ ఆల్బమ్‌ను మించిన పాఠ్యపుస్తకం లేదు.

ఈ బృందం పుట్టింది టీవీలో. బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్‌కు చెందిన ఎరిక్ ఐడిల్ 1975లో బీబీసీ2 కోసం 'రట్లండ్ వీకెండ్ టెలివిజన్' మొదలుపెట్టాడు. అందులో సంగీతం ఇన్నెస్ వంతు. ఒక చిన్న అంకం కోసం ఆయన 1964 నాటి బీటిల్స్ ఫక్కీలో 'ఐ మస్ట్ బీ ఇన్ లవ్' రాశాడు. 1976 అక్టోబర్‌లో ఐడిల్ అమెరికా వెళ్లి అక్కడి టీవీ హాస్య కార్యక్రమం 'శాటర్డే నైట్ లైవ్'లో ఆ అంకాన్ని చూపించాడు. అక్కడి నిర్మాత లార్న్ మైకేల్స్ అండతో అది 'ఆల్ యు నీడ్ ఈజ్ క్యాష్' అనే పూర్తి నిడివి ఉత్తుత్తి డాక్యుమెంటరీగా ఎదిగింది. 1978 మార్చి 22న అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో ప్రసారమైతే ఆ వారం రేటింగుల్లో అట్టడుగున నిలిచింది. కొద్ది రోజుల తర్వాత బ్రిటన్‌లో మాత్రం జనం ఇష్టంగా చూశారు. ఆల్బమ్ అక్కడి చార్టుల్లో 12వ స్థానం దాకా వెళ్లింది, గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ కామెడీ రికార్డింగ్‌కు నామినేట్ అయింది.

తెరమీద నలుగురు వేరు, రికార్డు మీద నలుగురు వేరు. ఈ సంగతి తెలియకపోతే ఆల్బమ్ సగం అర్థం కాదు. బీటిల్స్ నలుగురిలో లెనన్‌ను తలపించే రాన్ నాస్టీగా ఇన్నెస్, హారిసన్‌ను తలపించే స్టిగ్ ఓహారాగా రికీ ఫటార్, రింగో స్థానంలో బారీ వామ్‌గా జాన్ హాల్సీ నటించారు. ఈ ముగ్గురూ నిజంగా వాయించారు, పాడారు. మెకార్ట్నీ పోలికలున్న డర్క్ మెక్‌క్విక్లీగా కనిపించేది ఐడిల్, కానీ రికార్డులో ఆయన గొంతు లేదు. ఆ భాగాలను పాడినవాడు, లీడ్ గిటార్ వాయించినవాడు ఓలీ హాల్సాల్. సినిమాలో ఆయన కనిపించేది క్షణకాలం, తప్పిపోయిన ఐదో సభ్యుడిగా. బేస్ గిటార్‌కు ఆండీ బ్రౌన్, స్ట్రింగ్స్, బ్రాస్ రచనకు జాన్ ఆల్ట్‌మన్, ఇంజినీరుగా స్టీవ్ జేమ్స్. హాల్సాల్, హాల్సీ ఇద్దరూ అంతకుముందు 'పాటో' అనే బృందంలో కలిసి వాయించినవాళ్లు. ఫటార్ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి, బీచ్ బాయ్స్‌లో పనిచేసి వచ్చినవాడు. కమెడియన్లు సరదాకి గిటార్లు పట్టుకున్న వ్యవహారం కాదని ఈ పేర్లే చెబుతాయి. రికార్డింగ్‌కు ముందు వీళ్లంతా లండన్ శివారు హెండన్‌లో ఒక ఇంట్లో సుమారు రెండు వారాలు రిహార్సల్ చేశారు. రికార్డింగ్ కూడా దాదాపు అంతే వ్యవధిలో ముగిసింది. కలిసి ఒకే గదిలో వాయించి వాయించి బిగువు తెచ్చుకున్న బృందంలా వినబడటానికి కారణం ఆ ఇల్లే.

ఇన్నెస్‌కు ఈ పని కొత్తేమీ కాదు. ఆయన అంతకుముందు బోంజో డాగ్ డూ-డా బ్యాండ్‌లో ఉన్నాడు. బీటిల్స్ 1967లో తీసిన 'మ్యాజికల్ మిస్టరీ టూర్'లో ఆ బ్యాండ్ కనిపిస్తుంది. ఆ మరుసటి ఏడాది బోంజోలకు బ్రిటన్‌లో 5వ స్థానం తెచ్చిన ఇన్నెస్ పాట 'ఐయామ్ ది అర్బన్ స్పేస్‌మన్'ను మారుపేరుతో ప్రొడ్యూస్ చేసినవాళ్లలో మెకార్ట్నీ ఉన్నాడు. అంటే తను అనుకరించబోయే పాటలు తయారైన చోట్లను, మనుషులను ఇన్నెస్ దగ్గరగా చూశాడు. ఈ దగ్గరితనం వల్లే ఆల్బమ్‌లో వెక్కిరింత కంటే అభిమానం ఎక్కువగా వినిపిస్తుంది.

ఇక పాటలు. ఎల్పీ మొదటి వైపు ఎక్కువగా తొలి రోజుల ధోరణులు, రెండో వైపు 1967 తర్వాతివి. 'హోల్డ్ మై హ్యాండ్' తొలినాళ్ల హుషారు ప్రేమపాట. మాతృక ఏదంటే ఒక్క పేరు చెప్పలేం. ఒక పాట నుంచి ఊపు, మరోదాని నుంచి గొంతుల జోడింపు, ఇంకోదాని నుంచి ముగింపు తీరు వచ్చి కలిశాయి. ఆల్బమ్ అంతటికీ కీలకం ఇక్కడే ఉంది. ఒకే పాటను ఆనుకుంటే అది నకలవుతుంది. ఒకే కాలానికి చెందిన మూడు నాలుగు పాటల ఉమ్మడి లక్షణాలను ఏరుకుంటే శైలి చేతికొస్తుంది.

ఆ ఉమ్మడి లక్షణాలేమిటో విప్పి చూస్తే ఇన్నెస్ చెవి ఎంత పదునైనదో తెలుస్తుంది. 1963–64 బీటిల్స్ పాటల్లో ఇద్దరి గొంతులు మూడు లేదా ఆరు స్వరాల ఎడంతో నడుస్తూ, చరణం చివర ఉన్నట్టుండి ఖాళీగా మోగే నాలుగు, ఐదు స్వరాల ఎడానికి తెరుచుకుంటాయి. మేజర్ శ్రుతిలో సాగే పాటలో నాలుగో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఉన్నట్టుండి మైనర్‌గా మారి చిన్న దిగులు చల్లి వెళ్తుంది. జి మేజర్‌లో ఉన్న 'షి లవ్స్ యు'లో వచ్చే సి మైనర్ అలాంటిదే. గొంతులు ఒకదానిమీద ఒకటి మెట్లుగా ఎక్కి కేకగా పగిలే పద్ధతి 'ట్విస్ట్ అండ్ షౌట్'తో జనం చెవుల్లో స్థిరపడింది. రటిల్స్ 'నంబర్ వన్' ఆ మెట్లనే ఎక్కుతుంది. 'విత్ ఎ గర్ల్ లైక్ యు' మెత్తని జంట గొంతుల పాట, 'ఇఫ్ ఐ ఫెల్' దారిలోది. 'ఔచ్!' చూడగానే 'హెల్ప్!' గుర్తుకొస్తుంది. పేరు అదే కొలతలో ఉన్న ఒక్క కేక, పాట అదే పరుగు.

డ్రమ్స్ గురించి విడిగా చెప్పుకోవాలి. చాలా అనుకరణ బృందాలు బోర్లా పడేది ఇక్కడే. రింగో స్టార్ ఎడమచేతివాటం మనిషి, కుడిచేతివాటానికి అమర్చిన డ్రమ్ముల మీద వాయించాడు. అందువల్ల ఆయన ఫిల్స్ (పాదాల మధ్య ఖాళీని పూరించే దరువులు) మామూలు డ్రమ్మర్ల లాగా చిన్న డ్రమ్ము నుంచి పెద్దదానికి గబగబా దొర్లవు. కాస్త ఆగి, ఊహించని చోట మొదలై, తడబడినట్టు అనిపిస్తూనే సరిగ్గా తాళంలో దిగుతాయి. తొలి పాటల్లో హై-హ్యాట్ పళ్లాలు గట్టిగా మూయకుండా వదులుగా ఉంచి కొట్టడంతో 'ష్' అనే హోరు పాటంతా పరుచుకుంటుంది. చివరి సంవత్సరాల్లో డ్రమ్ముల మీద తువ్వాళ్లు పరిచి మోతను అణిచేవారు. నైపుణ్యం చూపించాలనుకునే డ్రమ్మర్ ఈ మూడింటినీ చెడగొడతాడు. హాల్సీ ఆ ఆశ పెట్టుకోలేదు. 'లివింగ్ ఇన్ హోప్'ను ఆయనే పాడాడు. రింగో పాడే కంట్రీ తరహా పాటల్లోని అమాయకమైన గొంతును ఎక్కడా అతి చేయకుండా నిలబెట్టాడు.

ధ్వని విషయంలో ఇంకో చిక్కు ఉంది. బీటిల్స్ తొలి ఆల్బమ్ 1963 ఫిబ్రవరి 11న చాలావరకు ఒక్కరోజులో, రెండు ట్రాక్‌ల టేపు మీద రికార్డయింది. నాలుగు ట్రాక్‌లు అదే ఏడాది అక్టోబర్‌లో అందాయి. 1977 నాటికి లండన్ స్టూడియోల్లో 24 ట్రాక్‌లు మామూలైపోయాయి. ప్రతి డ్రమ్ముకూ వేరే మైకు, గోడలకు మెత్తలు, ఒక వాయిద్యం ధ్వని మరో మైకులోకి చొరబడకుండా అడ్డుతెరలు. పాత ధ్వనికి ఈ సౌకర్యాలన్నీ శత్రువులే. గది ప్రతిధ్వని లోపలికి రావాలి, గిటార్ మోత డ్రమ్స్ మైకులో కొంత పడాలి, గొంతుల్లో చిన్న చిన్న తేడాలు దిద్దకుండా మిగలాలి. 1966లో అబ్బే రోడ్ ఇంజినీర్ కెన్ టౌన్‌సెండ్ ఒకే గొంతును రెండుగా వినిపించే టేపు పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాతి లెనన్ గొంతు రంగే మారిపోయింది. కాబట్టి 1964 పాటలో గొంతును రెండుసార్లు నిజంగా పాడి కలపాలి, 1967 పాటలో యంత్రంతో జంట చేసినట్టుండాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే, ఎందుకో చెప్పలేకపోయినా వినేవాళ్లకు తేడా కొడుతుంది.

రెండో వైపు పాటల్లో బరువు ఆల్ట్‌మన్ మీద పడింది. 'డబుల్‌బ్యాక్ అలీ'కి 'పెన్నీ లేన్' మాతృక. అసలు పాటలో డేవిడ్ మేసన్ వాయించిన పికొలో ట్రంపెట్ ప్రాణం. రటిల్స్ పాట ఆ బ్రాస్ మెరుపును, పియానో నడకను తీసుకుని ఇంకో వీధి కథ చెబుతుంది. 'పిగ్గీ ఇన్ ది మిడిల్' వెనుక 'ఐ యామ్ ది వాల్రస్' ఉంది. ఆ పాటలో కార్డులన్నీ మేజర్ జాతివే, 8 వయొలిన్లు, 4 చెల్లోలు, 3 హార్న్‌లు వాయించారు. అంత హంగును తక్కువ వాయిద్యాలతో స్ఫురింపజేయాలంటే చెల్లోల జారుడు స్వరాలను పట్టుకుంటే చాలు, మిగతాది వినేవాళ్ల జ్ఞాపకం పూరిస్తుంది. 'నెవర్‌ది‌లెస్' మొదటి వైపు చివర ఫటార్ పాడిన పాట, సితార్, తబలాతో సాగుతుంది. ఆల్బమ్‌లో బలహీనమైన పాట ఏదంటే ఇదే. హారిసన్ భారతీయ ధోరణి పాటల్లో కనిపించే తాళాల మార్పిడి, ఆలాపన, సంగీతం నేర్చుకుంటున్న శిష్యుడి పట్టుదల ఇందులోకి రాలేదు. వాయిద్యాల రంగు ఒక్కటే వచ్చింది. ఎంతో కొంత మన సంగీతం తెలిసిన చెవికి ఈ లోటు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దానికి ఎదురుగా 'లెట్స్ బి న్యాచురల్' ఉంది. 1968లో రిషీకేశ్‌లో గాయకుడు డొనొవన్ దగ్గర లెనన్ నేర్చుకున్న వేళ్ల మీటు పద్ధతిని అది చక్కగా అందుకుంటుంది. సినిమా కథలో రటిల్స్ వెళ్లేది రిషీకేశ్‌కు కాదు, ఒక బ్రిటిష్ గురువు వెంట బోగ్నర్ అనే సముద్రతీర పట్నానికి. మత్తుమందుల బదులు వాళ్లు అలవాటు పడేది టీకి.

ఇంతకీ నవ్వు ఎక్కడుంది? సంగీతంలో ఎక్కడా లేదు. ఆల్బమ్ మొత్తంలో ఒక్క వాయిద్యం కూడా వెకిలిగా మోగదు. నవ్వు పుట్టేది గంభీరమైన రూపానికీ అల్పమైన విషయానికీ మధ్య ఉన్న ఎడంలో. దీనికి పరాకాష్ఠ 'చీజ్ అండ్ అనియన్స్'. పియానో మీద లెనన్ తరహా నిదానం, లోతైన తాత్త్వికత ఏదో వస్తోందనిపించే ఎత్తుగడ, 'ఎ డే ఇన్ ది లైఫ్'ను గుర్తుచేసే సుదీర్ఘమైన ఆఖరి కార్డ్. ఆ ఘనతంతా చేరేది జున్నూ ఉల్లిపాయల దగ్గరికి. జరుక్ శాస్త్రి పేరడీల రుచి తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ కిటుకు వెంటనే అందుతుంది. శ్రీశ్రీ 'నవకవిత' నడకను చెక్కుచెదరకుండా ఉంచి అందులో మాగాయినీ కందిపచ్చడినీ కూర్చోబెట్టినప్పుడు జరిగింది ఇదే. నడక సడలితే నవ్వు రాదు. 'అనదర్ డే'లో ఇంకో ఉపాయం ఉంది. మెకార్ట్నీ తరహా తేలికపాటి పియానో ప్రేమపాటలో, నిఘంటువు తెరిస్తే తప్ప అర్థం కాని ఒక పెద్ద ఇంగ్లిష్ మాట వచ్చి, ఏమీ జరగనట్టు ప్రాసలో ఒదిగిపోతుంది. గాయకుడు దాన్ని ఒత్తి పలకడు. ఒత్తి పలికి ఉంటే రెండోసారి వినబుద్ధి కాదు.

అనుకరణ ఎంత కుదిరిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1977లో ఇన్నెస్ 'శాటర్డే నైట్ లైవ్'లో ఒంటరిగా పియానో ముందు కూర్చుని 'చీజ్ అండ్ అనియన్స్' పాడాడు. ఆ రికార్డింగ్ తర్వాత ఒక దొంగ ఎల్పీలో లెనన్ పాడిన అముద్రిత పాటగా చేరిపోయింది.

ఆ దగ్గరితనమే చిక్కు కూడా తెచ్చింది. లెనన్–మెకార్ట్నీ పాటల ప్రచురణ హక్కులు అప్పట్లో ఏటీవీ మ్యూజిక్ చేతిలో ఉండేవి. ఆ సంస్థ కాపీరైట్ దావాకు దిగింది. ఇన్నెస్ ఒక సంగీత శాస్త్రజ్ఞుడిని పెట్టుకుని తన బాణీలు సొంతమని వాదించాడు. పాటలు కట్టేటప్పుడు బీటిల్స్ రికార్డులు వినలేదని, ఏ కాలంలో వాళ్లు ఎలా మోగేవారో గుర్తున్నదాన్ని బట్టే రాశానని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. చివరికి వ్యవహారం కోర్టు బయట తేలింది, పాటల రాబడిలో సగం ఏటీవీకి వెళ్లింది.

ఇక్కడ న్యాయపరమైన సూక్ష్మం ఒకటుంది. 'రికార్డు పెట్టుకుని వినలేదు' అనే మాట సంగీతపరంగా మంచి పద్ధతి, చట్టపరంగా పెద్ద రక్షణ కాదు. 1976లోనే అమెరికా కోర్టు 'మై స్వీట్ లార్డ్' కేసులో జార్జ్ హారిసన్ తెలియకుండానే పాత పాటను అనుసరించాడని, అయినా బాధ్యత తప్పదని తీర్పు చెప్పింది. మనసులో మిగిలిన బాణీ చేతిలోకి వస్తే అదీ నకలే. అదే హారిసన్ రటిల్స్ సినిమాకు అడుగడుగునా తోడ్పడి, అందులో టీవీ విలేఖరి వేషం కూడా వేశాడు. బీటిల్స్ సభ్యుల ఆమోదం ఉన్నా ఇన్నెస్‌కు చట్టం ముందు అది అక్కరకు రాలేదు, ఎందుకంటే హక్కులు వాళ్ల చేతుల్లో లేవు. లెనన్ మాత్రం పనికొచ్చే హెచ్చరిక చేశాడు. 'గెట్ అప్ అండ్ గో' పాట 'గెట్ బ్యాక్'కు మరీ దగ్గరగా ఉందని, జాగ్రత్తపడమని చెప్పాడు. దాన్ని ఎల్పీలోంచి తీసేశారు.

కథకు ఇంకో మలుపు ఉంది. బ్రిటిష్ రాక్ బృందం ఓయేసిస్ 1994లో విడుదల చేసిన 'వాటెవర్' పాట ఎత్తుగడ ఇన్నెస్ పాత పాట 'హౌ స్వీట్ టు బి యాన్ ఇడియట్'ను పోలి ఉందని తేలి, రచయితల జాబితాలో ఆయన పేరు చేరింది.

ఇలాంటి ఆల్బమ్ చేయాలనుకునేవాళ్లకు ఇందులోంచి పని పద్ధతి తీసుకోవచ్చు. ముందు కళాకారుడిని కాకుండా ఆయన పనిలో రెండు మూడేళ్ల కాలాన్ని ఎంచుకోవాలి. 'ఇళయరాజా శైలి' అంటే దేన్నీ పట్టుకోలేం, కొన్నేళ్ల పరిధి గీసుకుంటే పట్టు దొరుకుతుంది. ఆ కాలపు పాటలు పది పన్నెండు తీసుకుని, కనీసం మూడింటిలో ఉన్న లక్షణాలనే రాసుకోవాలి. వేగం, తాళం, ఏ వాయిద్యం పాట మొదలుపెడుతుంది, ఇంటర్లూడ్ ఎన్ని బార్లు (తాళావృత్తాలు), కోరస్ ఎప్పుడొస్తుంది, చరణం ఎక్కడ శ్రుతి మారుస్తుంది. ఒకే పాటలో ఉన్న ప్రత్యేకతను కొట్టేయాలి, దావాకు కారణమయ్యేది అదే. తర్వాత ఆ పాటలను కొన్ని రోజులు వినడం మానేసి బాణీ కట్టాలి.

బాణీ అయ్యాక రెండు పరీక్షలు. మొదటిది, వాయిద్యాలు లేకుండా వరసను మాత్రం ఇంకొకరికి హమ్ చేసి వినిపించాలి. వాళ్లు ఫలానా పాట అని పేరు చెబితే వరస మార్చాలి, ముఖ్యంగా మొదటి ఏడెనిమిది స్వరాలూ పల్లవి ముగింపూ. రెండోది, మాటలు లేకుండా వాయిద్యాలతో వినిపించాలి. ఏ కాలపు ఎవరి ధోరణో వాళ్లు పోల్చుకోలేకపోతే లోపం వాయిద్యాల కూర్పులో ఉంది. మొదటి పరీక్షలో పేరు రాకూడదు, రెండోదాంట్లో రావాలి. హాస్యాన్ని పల్లవిలో పెడితే మూడోసారి తిరిగొచ్చేసరికి చప్పబడుతుంది, చరణాల చివరి పాదాల్లో దాచుకోవడం మేలు. రికార్డింగ్‌లో క్లిక్ ట్రాక్‌కు (వేగం మారకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ ధ్వనికి) కట్టేసి వాయిస్తే పాత పాటల్లో ఉండే ఊపిరి పోతుంది. పల్లవి దగ్గర వేగం రవ్వంత పెరగనివ్వాలి. గాయకుడికి శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ వాడితే పాత ధ్వని కోసం పడ్డ శ్రమంతా వృథా.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా సుప్రీంకోర్టు 1994లో పేరడీ న్యాయమైన వినియోగం కిందికి రావచ్చని ఒప్పుకుంది. బ్రిటన్ పేరడీకి ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది 2014లో, రటిల్స్ వ్యవహారం ముగిసిన ఎన్నో ఏళ్లకు. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 విమర్శకు, సమీక్షకు వెసులుబాటు ఇస్తుంది గాని పేరడీ అని పేరు పెట్టి మినహాయింపు ఏదీ చెప్పదు. సినిమా పాట కరోకే ట్రాక్ మీద కొత్త మాటలు పాడి యూట్యూబ్‌లో పెట్టే తెలుగువాళ్లు, ఇక్కడైనా అమెరికాలోనైనా, గమనించాల్సింది రెండు వేర్వేరు హక్కులు. బాణీ, సాహిత్యాల మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద మరొకటి. సొంతంగా వాయించుకుంటే రెండో చిక్కు తప్పుతుంది, మొదటిది మిగులుతుంది. శైలిని మాత్రమే తీసుకుని కొత్త బాణీ కడితే రెండూ చాలావరకు తప్పుతాయి.

ఇప్పుడు వినాలనుకునేవాళ్లకు రెండు రూపాలు దొరుకుతాయి. 14 పాటల ఎల్పీ ఒకటి, 1990లో రైనో అనే రికార్డు సంస్థ తెచ్చిన 20 పాటల సీడీ మరొకటి. సీడీలో చేరిన ఆరు పాటల్లో లెనన్ వద్దన్న 'గెట్ అప్ అండ్ గో' కూడా ఉంది. దాన్ని 'గెట్ బ్యాక్' పక్కన పెట్టి వింటే ఆయన అభ్యంతరం ఎందుకో తెలిసిపోతుంది. సీడీలో పాటలను రటిల్స్ కల్పిత చరిత్ర క్రమంలో అమర్చారు, కాబట్టి ఒక బృందం శైలి ఏడాదికేడాది మారడాన్ని గమనించాలంటే అదే నయం. 1992లో హాల్సాల్ మరణించాడు. 1996లో ఇన్నెస్, ఫటార్, హాల్సీ కలిసి, హాల్సాల్ మిగిల్చిన రికార్డింగులను కొన్నిటిని వాడుకుంటూ 'ఆర్కియాలజీ' తెచ్చారు, బీటిల్స్ 'ఆంథాలజీ'కి జవాబుగా. పాటలు బాగానే ఉంటాయి, ధ్వని మాత్రం తొంభైల స్టూడియోల శుభ్రతతో మెరుస్తుంది. 1978 ఎల్పీలో గది వినిపిస్తుంది, ఇందులో వినిపించదు.